భీమిలి రోడ్డులో సముద్రం పక్కన కాపురం: పదేళ్ళు దాటాక నా సమీక్ష

విశాఖపట్నంలో సాగర్‌నగర్ దాటి భీమిలి వైపు వెళ్తుంటే రోడ్డుకి కొండవైపున ఉన్న ఒక గేటెడ్ కమ్యూనిటీలో మేం 2013 నుంచి ఉంటున్నాం. రోడ్డు మీదకి షాపులు, ఒక పక్కన ఆఫీసుల బ్లాకు, వెనకాల ఇళ్ళ బ్లాకులు. రోడ్డు దాటితే సరుగుడు చెట్లు, ఇసుక, సముద్రం. పేరు రాయడం లేదు. నేను చెప్పేవి ఈ తీరంలో కట్టే ఏ ప్రాజెక్టుకైనా వర్తిస్తాయి.

ముందే చెప్పేస్తాను. మళ్ళీ కొనాల్సి వచ్చినా ఇక్కడే కొంటాను. అయితే ఇన్నేళ్ళుగా మాకు సుఖాన్నిచ్చినవి ఒక్కటీ బ్రోషర్‌లో లేవు. అందులో వేసినవి సీ వ్యూ బాల్కనీ, ఈతకొలను, క్లబ్ హౌస్. మమ్మల్ని కాపాడింది మాత్రం స్థలం మధ్యలోంచి పోయే గెడ్డ.

వైజాగ్ వాళ్ళకి గెడ్డ గురించి చెప్పక్కర్లేదు. కొండల మీద పడిన వాన గంటలో సముద్రం చేరాలి, అది వెళ్ళే దారి గెడ్డ. ఎండాకాలంలో చూస్తే ఖాళీ జాగాలా కనబడుతుంది కాబట్టి చాలామంది దాన్ని పూడ్చి, మిగిలిన నీటికి ఒక తూము పెట్టి, పైన స్లాబు వేసేస్తారు. మా ప్లానర్ ఆ పని చెయ్యలేదు. గెడ్డని ఉన్న వెడల్పుతోనే వదిలి, రెండు గట్లకీ రాయి పేర్చి, పక్కన నడిచే దారి వేశారు. ఇళ్ళ బ్లాకుల్ని గట్టుకి దూరంగా, సెల్లార్ ర్యాంపుల్ని గట్టు కంటే ఎత్తులో మొదలుపెట్టారు. ఆ జాగాలో ఇంకో బ్లాకు కట్టి అమ్ముకోవచ్చు కదా అని అప్పట్లో కొన్నవాళ్ళే అన్నారు. పెద్ద వానలకి మా పక్క లేఅవుట్‌లో కార్లు సెల్లార్లో మునిగితే, మా సెల్లార్ తడి మాత్రమే అయింది. ఒక్క ఇబ్బంది ఉంది. అలలు మేటవేసిన ఇసుక అప్పుడప్పుడు గెడ్డ నోటికి అడ్డం పడుతుంది. పోటు సమయంలో గట్టి వాన పడితే నీళ్ళు వెనక్కి తంతాయి. వర్షాకాలం ముందు ఆ ఇసుక తీయించే బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉండాలి. మాకు లేదు. ఏటా అసోసియేషన్ మీటింగులో అదే వాదన.

ఇక ఉప్పు. సముద్రం పక్కన ఇల్లంటే అందరూ గాలి గురించి మాట్లాడతారు, ఆ గాలిలో ఏముందో మాట్లాడరు. మూడో ఏడాదికి బాల్కనీ రెయిలింగుల మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. స్టెయిన్‌లెస్ స్టీలే కానీ 304 రకం. సముద్రం ఒడ్డున 316 వాడాలి, అందులో కలిసే మాలిబ్డినం ఉప్పుని తట్టుకుంటుంది. ఏసీ బయటి యూనిట్ల రేకులు పొడి పొడిగా రాలిపోయాయి, కిటికీ బందులు బిగుసుకుపోయాయి. ఇవన్నీ డబ్బు పెడితే మారేవి. అసలు భయపడాల్సింది కాంక్రీటు లోపలి ఇనుము గురించి. ఉప్పు కాంక్రీటులోకి నెమ్మదిగా దిగి ఇనుముని చేరితే అది తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైన కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. అందుకే కాంక్రీటు కట్టడాలకి మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం సముద్రపు తుంపర తగిలే భాగాలకి ఇనుము మీద కనీసం 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు (ఇనుముని కప్పే పొర మందం), ఎం35 గ్రేడు (కాంక్రీటు బలాన్ని చెప్పే అంకె) ఉండాలంటుంది. సముద్రం కనబడని చోట కట్టే మామూలు ఇంటికి ఇంత అడగరు. మా ఇళ్ళ బ్లాకుల్లో కవరు బాగానే ఇచ్చారు, ఇప్పటికీ స్తంభాలు గట్టిగా ఉన్నాయి. రోడ్డువైపు ఉన్న ఆఫీసుల బ్లాకుని తర్వాత వేరే కాంట్రాక్టరు కట్టాడు. దాని సన్‌షేడ్ల కింద పెచ్చులూడుతున్నాయి.

ఇప్పుడు కొనేవాళ్ళకి ఒక మాట. 2016 రెరా చట్టం (ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకి వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) ప్రకారం ఇల్లు అప్పగించిన ఐదేళ్ళలోపు నిర్మాణంలో లోపం బయటపడి మీరు తెలియజేస్తే, 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో బాగుచెయ్యాలి. మంచి రక్షణే. కానీ ఉప్పు చేసే చేటు చాలాసార్లు ఐదేళ్ళు దాటాకే పైకి కనబడుతుంది. కాబట్టి కవరు ఎంత, గ్రేడు ఎంత అన్నది స్లాబు వేసేముందే అడగండి, రాతలో తీసుకోండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేం ఇంట్లోనే ఉన్నాం. విశాఖలో భవనాల డిజైనుకి తీసుకునే మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ రోజు ఆ అంకె ఎందుకుందో అర్థమైంది. భవనం కదల్లేదు, కిటికీలు నిలబడలేదు. స్లైడింగ్ అద్దాలు పట్టాల్లోంచి లేచిపోయాయి, పట్టాల్లోంచి నీళ్ళు హాల్లోకి పారాయి. మధ్యలో గాలి ఆగింది. అయిపోయిందనుకుని కొందరు కిందకి దిగారు. తుఫాను కన్ను ఊరి మీంచి పోతోందన్నమాట. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి తిరగబడింది. సముద్రం వైపు కిటికీలకే గట్టి అద్దం వేసి వెనకవైపు చౌకరకం వేసిన ఫ్లాట్లలో అప్పుడే ఎక్కువ నష్టం జరిగింది. తర్వాత మేమంతా నాలుగువైపులా తలుపులా తెరుచుకునే రకం కిటికీలు వేయించుకున్నాం. రబ్బరు అంచుకి నొక్కుకుని మూసుకుంటాయి కాబట్టి నీళ్ళు రావు. కరెంటు లేని ఆ రోజుల్లో జనరేటరు మొదటి అంతస్తులో ఉండడం పెద్ద వరం. సెల్లార్లో పెట్టిన చోట్ల అది పనికి రాలేదు.

షాపుల సంగతికి వద్దాం. కొన్ని షాపులు రోడ్డువైపు తెరుచుకుంటాయి, కొన్ని లోపలి ప్రాంగణం వైపు. లోపలివి అందంగా ఉన్నాయి, ఒక్కటీ నిలవలేదు. మా ఇళ్ళ బేరంతో మాత్రమే ఒక షాపు బతకదు. రోడ్డుమీద పోయేవాళ్ళు కూడా ఆగాలి. రోడ్డువైపున్న మందులషాపు, కిరాణా, టిఫిన్ సెంటరు మొదటి నుంచీ ఉన్నాయి. మా అత్తయ్యగారు లిఫ్టు దిగి రోడ్డు దాటకుండా బీపీ మాత్రలు తెచ్చుకోగలరు, ఈ వయసులో ఆమెకి సముద్రం కంటే అదే ముఖ్యం. ఆఫీసుల బ్లాకు వల్ల పగలంతా మనుషుల అలికిడి ఉంటుంది, అది భద్రత. వాటి లిఫ్టు, మీటర్లు, పార్కింగు వేరుగా పెట్టడం తెలివైన పని. ఆదివారం సాయంత్రం మాత్రం రుషికొండకి, భీమిలికి వెళ్ళే జనంతో రోడ్డు నిండిపోతుంది, మా గేటు ముందు బళ్ళు పెట్టేస్తారు. రెండో గేటు కొండవైపు సందులోకి లేకపోతే అంబులెన్సు కూడా రాదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం దారి గురించి. పక్కనే జాలర్ల పల్లె ఉంది. వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా మా స్థలం అంచునుంచే ఒడ్డుకి వెళ్ళేవారు. ప్లానులో ఆ దారిని వదిలారు. మధ్యలో ఒక కమిటీ భద్రత పేరుతో అక్కడ గేటు పెట్టి తాళం వేసింది. పొద్దున్నే నెత్తళ్ళు, వంజరం బుట్టలో తెచ్చే అప్ప ఒకరోజు నన్ను ఆపి, "మీరు రాకమునుపు కూడా మేం ఇలాగే నడిసీవోళ్ళం కదమ్మా" అంది. నా దగ్గర జవాబు లేదు. సముద్రం ఒడ్డు ఎవరి సొంతమూ కాదు. మీటింగులో గట్టిగా పోట్లాడి ఆ తాళం తీయించాం. గేటు మూసి ఉన్నన్నాళ్ళూ ఆ దారిలో రాత్రిపూట తాగేవాళ్ళు చేరేవారు. జనం నడవడం మొదలయ్యాక వాళ్ళు కనబడలేదు. అలాగే ఒడ్డువైపు ఫ్లడ్‌లైట్లు తీయించాం. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరంలో గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు వెలుతురు చూసి సముద్రం బదులు రోడ్డువైపు పాకుతాయి.

నీళ్ళు ఒక మోస్తరు. బోర్లని ఎండాకాలం ఎక్కువ తోడితే ఉప్పదనం పెరుగుతుంది. మునిసిపల్ నీళ్ళు, ఎండల్లో ట్యాంకర్లు. శుద్ధిచేసిన వాడుకనీరు మొక్కలకి వెళ్తుంది. మొదట వేసిన పచ్చగడ్డి చచ్చింది, కొబ్బరి, పొన్న, బాదం బతికాయి.

ఒడ్డు గురించి కూడా చూసుకోండి. పోటు నీరు చేరే గీత నుంచి 500 మీటర్ల లోపు సీఆర్‌జడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు వర్తిస్తాయి. ఊరిలో కలిసిన భాగాల్లో ఇప్పటికే ఉన్న రోడ్డుకి సముద్రం వైపు కొత్త కట్టడం కుదరదు, మా ఇళ్ళని రోడ్డుకి కొండవైపే కట్టింది అందుకే. ఆ నియమం చిరాకుగా అనిపిస్తే ఆర్కే బీచ్ వెళ్ళి చూడండి. 1970లలో ఔటర్ హార్బర్‌కి కట్టిన బ్రేక్‌వాటర్లు (అలల్ని ఆపే గోడలు) దక్షిణం నుంచి ఉత్తరానికి వచ్చే ఇసుకని ఆపేస్తాయి. అందుకే డ్రెడ్జర్లతో ఇసుక తోడి మళ్ళీ ఆ బీచ్‌లో పోయాల్సి వస్తోంది. ఒడ్డు నిలకడగా ఉంటుందని ఎవరైనా మీకు చెబితే, ఆ తీరానికి దక్షిణాన ఏం కట్టారో అడగండి.

మెయింటెనెన్సు ఊరి మధ్య అపార్ట్‌మెంట్ల కంటే బాగా ఎక్కువ. బయటి రంగులు, రెయిలింగులు, పంపులు అన్నీ త్వరగా పోతాయి. మాకు మొదట్లో కార్పస్ ఫండ్ (పెద్ద మరమ్మతులకి ముందే దాచే నిధి) తక్కువ వసూలు చేశారు, రంగులకి ప్రతిసారీ విడిగా చందా వేసుకోవాల్సి వస్తోంది. కొనేవాళ్ళు గెడ్డ పక్క బ్లాకులో మూడు నుంచి ఆరో అంతస్తు మధ్య చూడండి. గాలి ఉంటుంది, తుంపర తక్కువ. రోడ్డువైపు బ్లాకులో వ్యూ కోసం ఎక్కువ ధర అడుగుతారు. ఆ డబ్బు కిటికీల మీద పెట్టుకోండి.