‘ట్రాక్ చేయొద్దు’ అనాలా, ‘అమ్మొద్దు, పంచుకోవద్దు’ అనాలా?

నా డేటా విషయంలో హద్దు దాటొద్దని మన తరఫున బ్రౌజర్ నుంచి వెబ్‌సైట్‌కి వెళ్లే ఒక్క లైను సంకేతం. పాతది ‘డీఎన్‌టీ: 1’, అంటే డూ నాట్ ట్రాక్. కొత్తది ‘సెక్-జీపీసీ: 1’, అంటే గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్. రెండింటిలోనూ అదే ఒకటి అంకె. తేడా అంతా దాని వెనకున్న మాటలోనే.

‘ట్రాక్’ వినగానే అర్థమైనట్టే ఉంటుంది. తెలుగులో పెట్టి చూడండి: ‘వెంటాడటం’ అంటే నేరం మోపినట్టు, ‘నమోదు చేయడం’ అంటే ఏమీ జరగనట్టు. ఈ పాత సంకేతానికి నియమాలు రాయడానికి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీలో 2011లో మొదలైన బృందానికి ఈ మాటకు హద్దులు గీయడమే పెద్ద తలనొప్పి అయింది. వేర్వేరు సందర్భాల్లో ఒకే మనిషి చేసే పనుల డేటాను సేకరించడం, దాన్ని ఆ సందర్భం బయట వాడటం అని చివరికి తేల్చారు. మంచి నిర్వచనమే. కానీ సైట్లు దాన్ని పాటించలేదు, 2019లో బృందం మూతపడింది.

2020లో వచ్చిన జీపీసీ మాత్రం కాలిఫోర్నియా గోప్యతా చట్టం నిర్వచించిన ‘అమ్మడం’ మీద, అంటే మన డేటాను అమ్మడం మీద, నిలబడింది. అందుకే 2022లో సౌందర్య సాధనాలు అమ్మే సెఫోరా సంస్థ 12 లక్షల డాలర్లు కట్టి రాజీ పడాల్సి వచ్చింది. ఈ సంకేతాన్ని పట్టించుకోలేదన్నది దానిపై ఉన్న ఆరోపణల్లో ఒకటి.

నా ఓటు రెండోదానికే, ‘అమ్మొద్దు, పంచుకోవద్దు’ అన్నదానికే. అయితే ఆ చట్టంలో డబ్బు చేతులు మారకపోయినా, బదులుగా విలువైనదేదైనా అందితే అది అమ్మకమే. మామూలు పాఠకుడికి ఇది తట్టదు, ఈ సంకేతాన్ని వివరించే పత్రంలో అక్కడికక్కడే చెప్పాలి. ‘గ్లోబల్’ అన్న మాట కూడా నాకు నచ్చదు. చట్టం లేని చోట ఆ సంకేతం ఒట్టి విన్నపమే.