పత్తిపువ్వుకు చాలని గులాబీ

మా చేలోని పత్తిపువ్వు వేద్దామని ఆదోని బజారులో 24 రంగుపెన్సిళ్ల పెట్టె కొన్నాను. ఈ పువ్వుతో చిక్కేమిటంటే, విచ్చిన రోజు వెన్నరంగులో ఉంటుంది, మర్నాటికి గులాబీలోకి తిరుగుతుంది. అందుకే రెండు రోజులు గట్టు మీదే కూర్చున్నాను. కలుపు తీసేవాళ్లు నవ్వుకున్నారు, అది వేరే సంగతి.

నిమ్మపసుపు బాగుంది. తేలికగా నాలుగు పొరలు వేసి, పైన తెల్ల పెన్సిలుతో రుద్దితే రేకుల మడతలు మెత్తగా కలిసిపోయాయి. గులాబీ మాత్రం శుద్ధ దండగ. గరుకుగా గీరుకుంటుంది, చెక్కిన ప్రతిసారీ మొన విరుగుతుంది. షార్ప్‌నర్ పక్కనపెట్టి బ్లేడుతో చెక్కినా అంతే. చివరికి ఎరుపునే చేయి అదమకుండా పూసి గట్టెక్కాను. ఆకుపచ్చలు మూడున్నాయి గానీ, నల్లరేగడి ఆకు ముదురుదనం దేనికీ రాలేదు. అడుగున నీలం వేయాల్సి వచ్చింది. మా అమ్మాయి బడి బొమ్మలకైతే మళ్లీ కొంటాను.