స్పీడ్‌పెయింట్ 2.0: ముడతల మీద మంచిదే, నున్నటి రేకు మీదే చిక్కు

స్పీడ్‌పెయింట్ అంటే బల్ల మీద ఆడే ఆటల చిన్న బొమ్మలకు వేసే రంగు. ప్రైమర్ (ముందుగా వేసే అడుగు పూత) మీద ఒక్క పూత వేస్తే నీడా వెలుగూ వాటంతటవే వచ్చేస్తాయన్నది ఈ రంగుల వాగ్దానం. బ్రిటన్ బొమ్మల కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ 2019లో కాంట్రాస్ట్ పేరుతో మొదలుపెట్టిన బాటలోనే డెన్మార్క్ కంపెనీ ఆర్మీ పెయింటర్ 2022లో స్పీడ్‌పెయింట్ తెచ్చింది. దాన్ని సరిదిద్ది, మరుసటి ఏడాది 2.0 విడుదల చేసింది. డ్రాగన్ పొలుసుల మీద, గోబ్లిన్ చర్మం మీద ఆ మాట నిజమే. అంతరిక్ష నౌక సిబ్బంది, రోబోలు, కంటైనర్ల దగ్గరికి వచ్చేసరికి సగమే నిజం. పలచగా జారి పల్లంలోకి చేరడం ఈ రంగు గుణం. గుంట ఉంటే నీడ వస్తుంది. నున్నటి రేకు మీద గుంటలెక్కడివి? మరక వస్తుంది.

పాత రకంతో ఉన్న పెద్ద గొడవ ఏమిటంటే, ఆరిన పూత మీద ఇంకో తడి రంగు పెడితే కింది రంగు కరిగి పైకి లేచేది. ఎరుపు మీద తెల్ల గీత గీస్తే గులాబీ రంగు గీత మిగిలేది. 2.0లో అది దాదాపు పోయింది. దుకాణాల్లో పాత సరుకు ఇంకా తగలొచ్చు కాబట్టి లేబుల్ మీద 2.0 అని ఉందో లేదో చూసుకోవాలి. అనుమానంగా ఉంటే ఒక ప్లాస్టిక్ ముక్క మీద పూసి, మర్నాడు తడి బ్రష్‌తో రుద్దండి. బ్రష్‌కు రంగు అంటిందంటే అది పాతదే.

సీసా 18 మిల్లీలీటర్లది, చుక్కలుగా పడే మూతి. లోపల గోళీలు ఉంటాయి, అయినా నిమిషం పాటు గట్టిగా ఊపాల్సిందే. ఊపకపోతే పైన తేలిన మీడియమే (రంగును మోసే పారదర్శక ద్రవం) ముందు కారుతుంది. దాంతో పూస్తే రంగు వెలిసిపోయినట్టు ఉంటుంది, తప్పేమో రంగుదని అనిపిస్తుంది.

28 మిల్లీమీటర్ల బొమ్మకు నల్ల ప్రైమర్ వేసి, లేత బూడిద రంగుతో గట్టిగా, ఆపైన తెలుపుతో తేలిగ్గా డ్రైబ్రష్ చేయాలి, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో ఎత్తుల మీదే రుద్దాలి. దీని మీదే స్పీడ్‌పెయింట్ తన అసలు పనితనం చూపిస్తుంది. బ్రష్ నిండా రంగు తీసుకుని ఒక్కో భాగం ఆపకుండా పూర్తి చేయాలి. బూట్ల అంచున, మోచేతి కింద బొట్టు కట్టిన రంగును అర నిమిషంలోపు పొడి బ్రష్ మొనతో పీల్చేయాలి. సగం ఆరాక మళ్లీ తాకితే పొర చిరిగి అంచులు తేలతాయి. ఆ భాగాన్ని తెలుపుతో కప్పి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు. రంగు పలచన కావాలంటే నీళ్లు వద్దు, విడిగా సీసాలో దొరికే మీడియమే కలపాలి. నీళ్లు ఎక్కువైతే రంగు పట్టు తప్పి, ఆరాక టీ గ్లాసు కింది వలయంలాంటి మరక మిగులుతుంది.

స్పేస్‌సూట్ ముడతలు, తోలు బెల్టులు, సంచులు, గ్రహాంతరవాసి చర్మం: వీటికి ఇంతకంటే త్వరగా అయ్యే పని లేదు. హార్డెన్డ్ లెదర్, పాలిడ్ బోన్, క్రూసేడర్ స్కిన్ అనే మూడు రంగులూ ఒక్క పూతతోనే నిలబడతాయి. గ్రేవ్‌లార్డ్ గ్రే తుపాకులకు సరిపోతుంది, పైన వెండి రంగుతో అంచులు రుద్దితే చాలు.

వెడల్పాటి ఛాతీ కవచం, భుజం రేకులు, వాహనం పైకప్పు మీద మాత్రం సీసాలోంచి తీసింది తీసినట్టు పూయకండి. పైన పలచన, కింది అంచున చిక్కన, మధ్యలో బ్రష్ చారలు మిగులుతాయి. అక్కడ మామూలు అక్రిలిక్‌ను పలచగా రెండు పూతలు వేసి, రేకుల మధ్య గీతల్లోకి మాత్రం ఒక పాలు గ్రేవ్‌లార్డ్ గ్రే, రెండు పాళ్లు మీడియం కలిపి సన్న బ్రష్‌తో వదలాలి. వెండి రంగు వేసిన రేకు మీద మీడియం కలిపిన నీలం పూస్తే లోహం మెరుపు పోకుండా రంగు పడుతుంది. రోబోలకు ఇది చూడముచ్చటగా ఉంటుంది.

త్రీడీ ప్రింట్ బొమ్మలు కొన్నవాళ్లకు ఇంకో చిక్కు. మామూలు రంగు కప్పేసే పొరల గీతలను ఈ రంగు వెతికి మరీ పట్టి చూపిస్తుంది. 400 నంబర్ ఉప్పు కాగితంతో తడిపి రుద్దకుండా ప్రైమర్ వేయొద్దు.

ఇక గోడలు, కారిడార్లు, శిథిలాలు. వీటికి 18 మిల్లీలీటర్ల సీసాలు ఒలకబోయడం శుద్ధ దండగ. ఎక్స్‌పీఎస్ ఫోమ్‌కు (థర్మాకోల్ లాంటి గట్టి పలక) నల్ల అక్రిలిక్, ఫెవికాల్ సమపాళ్లలో కొంచెం నీళ్లతో కలిపి పూస్తే గట్టి తొడుగు ఏర్పడుతుంది. నేరుగా స్ప్రే డబ్బా కొడితే అందులోని ద్రావకం ఫోమ్‌ను తినేస్తుంది. తొడుగు ఆరాక చౌక బూడిద రంగుతో డ్రైబ్రష్ చేస్తే సరి. స్పీడ్‌పెయింట్‌ను చిన్న చిన్న చోట్లకే దాచుకోండి: బోల్టుల కింద కారిన తుప్పు చారలు, పైపు దగ్గర చమురు మరక, వెలిగే తెరలు. తెరకు ముందు చిక్కటి తెలుపు వేసి ప్లాస్మాటిక్ బోల్ట్ అనే రంగు పూస్తే లోపల దీపం ఉన్నట్టే ఉంటుంది.

ఆటలో చేతులు మారే బొమ్మల మీద ముందుగా ముక్కు, మోకాలి దగ్గర పూత అరుగుతుంది, వార్నిష్ తప్పదు. అక్కడక్కడా కనిపించే జిడ్డు మెరుపూ మ్యాట్ వార్నిష్‌తోనే పోతుంది. ఒక రోజంతా ఆరనిచ్చాకే వేయాలి. వానాకాలంలో హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా స్ప్రే వార్నిష్ గాలి తేమకు తెల్ల పొగమంచులా పట్టేస్తుంది, కాబట్టి బ్రష్‌తో పూసే నీటి వార్నిష్ మేలు.

పెద్ద సెట్ జోలికి వెళ్లొద్దు, అందులో సగం రంగులు సైన్స్ ఫిక్షన్ బల్ల మీదికి రావు. పైన చెప్పిన ఐదు సీసాలు, ఒక మీడియం తీసుకోండి. ఈ ఆరింటిలో ముందు ఖాళీ అయ్యేది మీడియమే, అది రెండు సీసాలు కొనండి.