ఇంటర్ కెమిస్ట్రీ గైడులో తప్పుడు సాధనలు: కవరు విప్పి చూడకుండా కొనవద్దు

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు రసాయనశాస్త్రం లెక్కల గైడు కొనబోతున్న తల్లిదండ్రులు నాలాగా నష్టపోకూడదని ఇది రాస్తున్నాను. గత నెల విజయవాడ ఏలూరు రోడ్డులోని ఒక పుస్తకాల దుకాణంలో మా అమ్మాయి కోసం 480 రూపాయలు పెట్టి ఒక గైడు కొన్నాను. పుస్తకానికి ప్లాస్టిక్ కవరు బిగించి ఉంది. లోపల ఒకసారి చూస్తానని అడిగితే, కవరు చించితే కొన్నట్టేనని చెప్పారు. అట్ట మీద ‘సంపూర్ణ సాధనలతో’ అని ఉండటం చూసి నమ్మి తీసుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత అమ్మాయి నోటు పుస్తకం చూస్తే స్టాయికియోమెట్రీ (పదార్థాల భారాల లెక్కలు) పాఠంలో ఒక లెక్క కొట్టివేసి ఉంది. ఒక ఐరన్ ఆక్సైడులో ఇనుము 69.9 శాతం, ఆక్సిజన్ 30.1 శాతం ఉంటే దాని అనుభావిక ఫార్ములా (పరమాణువుల అతిచిన్న పూర్ణాంక నిష్పత్తి చూపేది) ఏమిటన్నది ప్రశ్న. ఇనుము శాతాన్ని దాని పరమాణు భారం 55.85తో భాగిస్తే 1.25, ఆక్సిజన్ శాతాన్ని 16తో భాగిస్తే 1.88 వస్తాయి. రెండింటినీ చిన్నదైన 1.25తో భాగిస్తే నిష్పత్తి 1 : 1.5 అవుతుంది. ఫార్ములాలో పరమాణువుల సంఖ్యలు పూర్ణాంకాలుగానే ఉండాలి కనుక రెండింటినీ 2తో గుణించి, ఇనుము 2, ఆక్సిజన్ 3 అని రాయాలి. మా అమ్మాయి మొదట సరిగ్గా అలాగే రాసింది. గైడులో మాత్రం 1.5ను ‘సుమారు 2’గా తీసుకుని, ఒక ఇనుముకు రెండు ఆక్సిజన్లని జవాబు ఇచ్చారు. అచ్చులో ఉన్నదే నిజమని నమ్మి, పిల్ల తన సరైన జవాబు కొట్టేసి గైడు జవాబు ఎక్కించుకుంది. డబ్బు పోయినందుకన్నా ఆ కొట్టివేత చూసే నాకు ఎక్కువ బాధ కలిగింది.

1.98 లేదా 3.02 లాంటి విలువ వస్తే ప్రయోగంలో వచ్చే స్వల్ప తేడాగా భావించి దగ్గరి పూర్ణాంకానికి సవరించవచ్చు. 1.5, 1.33, 1.25 వస్తే అలా సవరించకూడదు. వరుసగా 2, 3, 4తో గుణించాలి. ఈ పాఠంలో పిల్లలు గట్టిగా పట్టుకోవలసిన మెళకువ ఇదే, గైడు తప్పు నేర్పిందీ దీన్నే.

నేను గుంటూరులో బి.ఎస్‌సి. కెమిస్ట్రీ చదివినవాణ్ణి కనుక ఆ రాత్రే కూర్చుని పాఠమంతా సరిచూశాను. కార్బన్ 40, హైడ్రోజన్ 6.7, ఆక్సిజన్ 53.3 శాతం ఉండి అణుభారం 180 అయిన పదార్థం గ్లూకోజ్. దాని అనుభావిక ఫార్ములా సిహెచ్₂ఓ, అణు ఫార్ములా (ఒక అణువులో నిజంగా ఉండే పరమాణువుల సంఖ్యలు చూపేది) సి₆హెచ్₁₂ఓ₆. గైడులో ఆక్సిజన్ శాతాన్ని పరమాణు భారం 16తో కాకుండా అణుభారం 32తో భాగించారు. దానితో అనుభావిక ఫార్ములా సి₂హెచ్₄ఓ అయి కూర్చుంది. దాని భారం 44. 180ని 44తో భాగిస్తే 4.09 వస్తుంది. అక్కడైనా ఎక్కడో పొరపాటు జరిగిందని అనుమానించాలి కదా! దాన్నీ 4గా సవరించి, సి₈హెచ్₁₆ఓ₄ అని ముగించారు. ఆ అణువు భారం 176 మాత్రమే, ప్రశ్నలో ఇచ్చినదేమో 180.

బాష్ప సాంద్రత (హైడ్రోజన్ వాయువుతో పోలిస్తే ఆవిరి ఎన్ని రెట్లు బరువో చెప్పే సంఖ్య) 39 ఇచ్చిన బెంజీన్ లెక్కలో దాన్ని రెట్టింపు చేసి అణుభారం 78గా తీసుకోవడం మరచిపోయి, సి₆హెచ్₆ బదులు సి₃హెచ్₃ వేశారు. లీబిగ్ పద్ధతి (పదార్థాన్ని మండించి, వచ్చిన నీటి భారం నుంచి హైడ్రోజన్ శాతం కట్టే పద్ధతి) లెక్కలో వచ్చిన నీటి భారంలో 18లో 2 వంతులు హైడ్రోజన్ అని తీసుకోవలసి ఉండగా 1 వంతే తీసుకున్నారు. హైడ్రోజన్ శాతం సగానికి పడిపోయింది.

మర్నాడు గైడు వెనక్కి ఇవ్వడానికి వెళితే, కవరు చించిన పుస్తకాన్ని వెనక్కి తీసుకోబోమని చెప్పారు. నా చేతిలో ఉన్నది బిల్లు కాదు, దుకాణం పేరు కూడా లేని ఎస్టిమేట్ చీటీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. అయితే అక్కడ కొన్నానని చూపే కాగితమే నా దగ్గర లేకపోయింది. అందుచేత దయచేసి అసలు బిల్లు అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఆ దుకాణంలో కొనవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఇంకా ఫలితం తేలలేదు.

కవరు విప్పి చూడనిచ్చే చోట కొనేవారు స్టాయికియోమెట్రీ పాఠం తీసి, ఏదైనా ఒక లెక్క జవాబు నుంచి వెనక్కి లెక్కించి చూడండి. ఇనుము 2, ఆక్సిజన్ 3 అయితే మొత్తం భారం 159.7, అందులో ఇనుము 111.7, అంటే 69.9 శాతం, ప్రశ్నతో సరిపోయింది. గైడు ఇచ్చిన జవాబు ప్రకారం ఇనుము 63.6 శాతమే వస్తుంది. దీనికి రెండు నిమిషాలు చాలు. ఇప్పటికే గైడు కొన్నవారు ఈ ఐరన్ ఆక్సైడు లెక్క తీసి చూడండి; అక్కడ ‘సుమారు 2’ అని ఉంటే మీ దగ్గర ఉన్నదీ అదే పుస్తకం.