యుద్ధనౌక: కొనాలా, కట్టుకోవాలా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టించినవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు. ఛాసిస్ కంపెనీది, బాడీ మనది. రిపేరు వస్తే కట్టిన మేస్త్రీ పక్క సందులోనే ఉంటాడు.

ఖర్చు: కొంటే చవకనుకుంటాం. 2004లో రష్యాతో 97 కోట్ల డాలర్లకు బేరం కుదిరిన విమానవాహక నౌక విక్రమాదిత్య చివరికి 235 కోట్ల డాలర్లకు తేలింది. కొచ్చిలో కట్టిన మరో విమానవాహక నౌక విక్రాంత్‌కు సుమారు 20,000 కోట్ల రూపాయలు.

సమయం: రెండూ ఆలస్యమే. 2008లో రావాల్సిన విక్రమాదిత్య 2013లో వచ్చింది, విక్రాంత్ 2022లో.

చేతికి మిగిలేది: విక్రాంత్‌కు బయటి ఉక్కు అందకపోతే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో, ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్ కలిసి ఇక్కడే తయారుచేశాయి. ఆ ఉక్కు తర్వాతి ఓడలకూ పనికొస్తోంది. ఇంజిన్లు మాత్రం అమెరికా డిజైన్‌వే, అదీ మన ఛాసిస్ కథే!

యుద్ధం గుమ్మంలో ఉంటే కొనడమే. పదేళ్లు ఆగి, వరసగా ఆర్డర్లు ఇవ్వగలిగితే కట్టుకోవడమే. ఒక్క ఓడ కోసం యార్డు పెట్టడం మాత్రం దండగ.