బ్రూస్ డికిన్సన్ ‘ద కెమికల్ వెడ్డింగ్’: ఇరవై రెండేళ్లుగా వింటూ రాస్తున్న సమీక్ష

ఈ ఆల్బమ్ నా చేతికి తప్పు వరసలో వచ్చింది. 2003లో ఒక ఫ్రెండ్ ఎంపీత్రీలు సీడీలో ఎక్కించి ఇచ్చాడు, కవర్ లేదు, పాటల లిస్టు లేదు, సీడీ మీద మార్కర్‌తో ‘బ్రూస్ సోలో’ అని రాసుంది అంతే. నా ప్లేయర్ పాటల్ని ఇంగ్లిష్ అక్షరాల వరసలో పెట్టుకునేది కాబట్టి ఎనిమిది నిమిషాల ‘బుక్ ఆఫ్ థెల్’ మొదటి పాట అయిపోయింది, అసలు మొదట రావాల్సిన ‘కింగ్ ఇన్ క్రిమ్సన్’ ఆరో పాట, చివర్లో రావాల్సిన ‘ద ఆల్కెమిస్ట్’ ఎనిమిదోది. నాలుగేళ్లు ఆ వరసే అసలు వరస అనుకుని విన్నా. అంత పెద్ద, అంత చీకటి పాటతో ఆల్బమ్ మొదలుపెట్టడానికి ఎంత ధైర్యం ఉండాలి అని చాలామందికి చెప్పా కూడా. తర్వాత ఒరిజినల్ సీడీ కొని సరైన వరసలో విన్న రోజు, ఇన్నాళ్లూ పక్కింటి గోడ మీంచి వింటున్న మాటలు ఎదురుగా కూర్చుని విన్నట్టయింది.

ఎవరీయన అనే కొత్తవాళ్ల కోసం గబగబా చెప్పేస్తా. ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లిష్ హెవీ మెటల్ బ్యాండ్ సింగర్, 1993లో బ్యాండ్ వదిలేసి బయటికొచ్చాడు. అంతకుముందే 1990లో ‘టాటూడ్ మిలియనీర్’ అని ఒక సరదా రాక్ ఆల్బమ్ చేశాడు. బయటికొచ్చాక 1994లో ‘బాల్స్ టు పికాసో’, దాంట్లోనే గిటారిస్టు, ప్రొడ్యూసర్ రాయ్ జీ పరిచయం అయ్యాడు, లాస్ ఏంజెలిస్ వైపు ట్రైబ్ ఆఫ్ జిప్సీస్ అనే లాటిన్ రాక్ బ్యాండ్ నడిపే మనిషి. 1996లో ‘స్కంక్‌వర్క్స్’కి మాత్రం నిర్వాణ మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ రికార్డ్ చేసిన జాక్ ఎండినోని ప్రొడ్యూసర్‌గా పెట్టుకుని పూర్తిగా అప్పటి ఆల్టర్నేటివ్ రాక్ దారి పట్టాడు, నాకు ఆ ఆల్బమ్ ఇష్టమే కానీ చాలామంది మెటల్ అభిమానులు దాన్ని పట్టించుకోలేదు. 1997లో మళ్లీ రాయ్ జీతో కలిసి ‘యాక్సిడెంట్ ఆఫ్ బర్త్’, ఈసారి 1990లో మెయిడెన్ వదిలేసిన ఏడ్రియన్ స్మిత్ కూడా గిటార్ పట్టుకుని వచ్చాడు, కవర్ వేసింది మెయిడెన్ కవర్ల మీద కనిపించే ఎడ్డీ అనే భూతం బొమ్మ గీసిన డెరెక్ రిగ్స్. అంటే పాత ఇంటి తలుపు దగ్గరిదాకా వచ్చాడన్నమాట. ఆ మరుసటేడు, 1998లో, ఇది.

అప్పటి పరిస్థితి గుర్తుంచుకుంటే ఈ ఆల్బమ్ విలువ ఇంకా తెలుస్తుంది. తొంభైల చివర పాత తరం హెవీ మెటల్‌కి గడ్డుకాలం. ఇంకో పెద్ద బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్‌లో దాని సింగర్ రాబ్ హాల్‌ఫోర్డ్ లేడు, మెయిడెన్‌లో బ్లేజ్ బేలీ పాడుతున్నాడు, అదే 1998లో వాళ్ల ‘వర్చువల్ ఎలెవన్’ వచ్చింది. నలభైకి చేరువైన ఒక సింగర్ నుంచి మళ్లీ హిట్ ఇవ్వమని అడిగేవాళ్లు పెద్దగా లేరు. అలాంటి టైంలో ఈయన పట్టుకున్నది పద్దెనిమిదో శతాబ్దంలో పుట్టిన కవి, చిత్రకారుడు విలియం బ్లేక్‌ని, దానికి తోడు రసవాదాన్ని. రేడియోకి పనికొచ్చే సరుకు కాదు ఇది, ఆ సంగతి ఈయనకి బాగా తెలుసు. ఇరవై రెండేళ్లు విన్నాక నా గట్టి నమ్మకం ఏంటంటే, ఎవరినీ మెప్పించాల్సిన పని లేకపోవడమే ఈ ఆల్బమ్‌ని ఇంత గట్టిగా నిలబెట్టింది.

ఇక సౌండ్. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. కొన్ని గిటార్లకి పైన మామూలు లావు తీగల బదులు బేస్ గిటార్ తీగలు కట్టి, శ్రుతి బాగా దించి వాయించారు. మన భాషలో చెప్పాలంటే గిటార్లన్నీ మంద్రస్థాయిలో కింద నేలని పట్టుకుని పాకుతుంటాయి, బ్రూస్ గొంతు తారస్థాయిలో పైన ఎక్కడో ఉంటుంది, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీయే అసలు మజా. మామూలుగా గిటార్లు ఇంత బరువెక్కితే సింగర్ అరవడమో గొంతు గరుకు చేసుకోవడమో చేస్తాడు, ఈయన మాత్రం గొంతు విప్పి నిండుగా, రాగం చెడకుండా, ప్రతి మాటా తెలిసేలా పాడతాడు. టైటిల్ పాట పల్లవి వినండి, కింద రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస, చాలా నిదానంగా, బరువుగా కదులుతుంటే దాని మీద గొంతు మెల్లగా పైకి లేస్తూ పోతుంది, పోయి అక్కడే నిలబడుతుంది. నేను వందలసార్లు విన్నా, ఇప్పటికీ ఆ చోట చేతిలో ఏ పనున్నా ఆగిపోతుంది.

డ్రమ్స్ డేవిడ్ ఇంగ్రహమ్, బేస్ ఎడ్డీ కసియాస్, ఇద్దరూ రాయ్ జీ మనుషులే, లాటిన్ వాయిద్యం చేతుల్లో ఉన్నవాళ్లు. అది ‘ద టవర్’లో పట్టుబడిపోతుంది. చరణాల్లో గిటార్లు పక్కకి తప్పుకుంటే బేస్ ఒక్కటే పాటని నడుపుతుంది, ఒక ఊపు ఉంటుంది దాంట్లో, ఇంగ్లిష్ మెటల్ బ్యాండ్లలో మామూలుగా దొరకదు అది. ఆ తర్వాత రెండు గిటార్లు జోడీగా సోలో ఎత్తుకుంటాయి, ఏడ్రియన్ స్మిత్ ముద్ర అక్కడ స్పష్టంగా వినిపిస్తుంది, సోలో కూడా పాడుకునేలా ఉండాలి అనేది ఆయన పద్ధతి. ఆ పాట మాటల్లో బ్లేక్ కంటే జోస్యం చెప్పే టారో కార్డుల బొమ్మలే ఎక్కువ, కాబట్టి మొత్తం ఆల్బమ్ బ్లేక్ కథ అనుకుని వింటే కొన్నిచోట్ల అందదు.

బ్లేక్ దగ్గరికి వస్తే, నాకు ఇంజినీరింగ్ పుస్తకాలు తప్ప ఇంగ్లిష్ కవిత్వంతో సంబంధం లేదు, ఈ ఆల్బమే నన్ను అటు నడిపించింది. ‘ద బుక్ ఆఫ్ థెల్’ బ్లేక్ 1789లో చెక్కి అచ్చేసిన చిన్న కావ్యం. థెల్ అనే అమ్మాయి, అందరం ఎందుకు వాడిపోవాలి అని దిగులుపడుతూ లిల్లీ పువ్వుని అడుగుతుంది, మబ్బుని అడుగుతుంది, పురుగుని, మట్టిపెళ్లని అడుగుతుంది. చివరికి మట్టిపెళ్ల పిలుపు మీద భూమి లోపలికి వెళ్తుంది, అక్కడ తన సమాధి చోటు నుంచే ఒక గొంతు వినిపిస్తే కెవ్వున అరిచి వెనక్కి పారిపోతుంది. చదివినప్పుడు చాలా సుతిమెత్తగా ఉంటుంది, చివరి పేజీలో ఒక్కసారిగా చీకటి కమ్ముకుంటుంది. డికిన్సన్ పాట ఆ చివరి పేజీలోనే కాపురం పెట్టింది. నేను నాలుగేళ్లు దీన్ని మొదటి పాటగా విన్నా కదా, ఆ కావ్యం చదివాక అర్థమైంది, ఈ పాట మొదట ఉండకూడదు. దీని ముందు నాలుగు పాటలు దిగొచ్చాకే ఆ గోతిలోకి దిగాలి.

‘గేట్స్ ఆఫ్ యూరిజెన్’ కూడా అంతే, యూరిజెన్ అంటే బ్లేక్ సృష్టించిన దేవుడు, కేవలం తర్కం, చట్టం, కొలతలు మాత్రమే తెలిసినవాడు, 1794లో ఆయన మీదే ఒక పుస్తకం ఉంది. పాట మాత్రం కోపంగా ఉండదు, నెమ్మదిగా, బాధగా నడుస్తుంది. ఇక ‘జెరూసలేం’ తీసుకుంటే, బ్లేక్ ‘మిల్టన్’ అనే కావ్యం ముందుమాటలోని పద్యం అది, 1916లో హ్యూబర్ట్ ప్యారీ బాణీ కట్టాక ఇంగ్లండ్‌లో దాదాపు జాతీయగీతంలా పాడుకుంటారు. డికిన్సన్ ఆ బాణీ ముట్టుకోలేదు, బ్లేక్ మాటలకి తన మాటలు కలిపి కొత్త బాణీ కట్టాడు. అకూస్టిక్ గిటార్‌తో జానపదంలా మొదలై మెల్లగా పెద్దదవుతుంది. ఒక దేశమంతా కంఠస్థం చేసిన పద్యానికి వేరే బాణీ కట్టి జనాన్ని ఒప్పించడం అంటే మామూలు విషయం కాదు, మనకి నోటికొచ్చిన ఒక పోతన పద్యాన్ని ఎవరో పూర్తిగా వేరే రాగంలో పాడితే ముందు మన చెవి ఒప్పుకోదు కదా, అలాంటిదే ఇది కూడా. మధ్యమధ్యలో బ్లేక్ మాటల్ని చదివే ఆ ముసలి గొంతు ఆర్థర్ బ్రౌన్‌ది, 1968లో ‘ఫైర్’ పాటతో ప్రపంచాన్ని ఊపేసిన ఆయనే, డికిన్సన్‌కి చిన్నప్పటి నుంచీ ఆరాధ్యుడు.

కవర్ గురించి చెప్పకపోతే పాపం. కాపీ సీడీ వాడినన్నాళ్లూ నాకు కవర్ తెలీదు. ఒరిజినల్ తెరిచిన రోజు ఆ బొమ్మని చాలాసేపు చూస్తూ కూర్చున్నా. బ్లేక్ 1819 ప్రాంతంలో వేసిన ‘ద ఘోస్ట్ ఆఫ్ ఎ ఫ్లీ’, అంటే జంతువుల ఒంటి మీద ఉండి రక్తం పీల్చే ఒక చిన్న పురుగు తాలూకు ప్రేతం, కండలు తిరిగిన ఒళ్లు, బయటికి చాచిన నాలిక, చేతిలో రక్తం పట్టుకోవడానికి ఒక గిన్నె. మహాగని చెక్క మీద వేసింది, లండన్ టేట్‌లో ఉంటుంది, నిజానికి అది అరచేయి కంటే కాస్త పెద్దది అంతే. నేను గోడంత పెయింటింగ్ అనుకున్నా. అంత చిన్న చెక్కముక్కలో అంత బరువు ఎలా పట్టింది అని ఆశ్చర్యపోయా, ఈ పాటల్ని విన్నప్పుడు కూడా నాకు కలిగేది అదే భావం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఒకటి, మిక్స్ మరీ చిక్కగా ఉంది. ఆ లావు తీగల దిగుశ్రుతి చిన్న ఇయర్‌ఫోన్లలో వింటే బురదలా అయిపోతుంది, బేస్ ఎక్కడ ఆగిందో గిటార్ ఎక్కడ మొదలైందో తెలీదు. నేను మొదటి ఏడాది ‘ట్రంపెట్స్ ఆఫ్ జెరికో’ని అనవసరంగా చిన్నచూపు చూశా, కారణం పాట కాదు, నా చెవిలో ఉన్న యంత్రం. మంచి పెద్ద హెడ్‌ఫోన్లలో విన్న రోజు దాని పల్లవి దెబ్బకి నిటారుగా కూర్చున్నా. రెండు, ‘మెషీన్ మెన్’. చెడ్డ పాట కాదు, కానీ ‘జెరూసలేం’, ‘ట్రంపెట్స్’ అయ్యాక దాని వంతు వచ్చేసరికి ఊపిరి కాస్త తగ్గుతుంది, ఇన్నేళ్లలో నేను దాటేసిన పాట ఏదైనా ఉంటే అదొక్కటే. కానీ దాని వెనకే ‘ద ఆల్కెమిస్ట్’ వస్తుంది, ఎనిమిది నిమిషాలు పైనే, పాట చివరికొచ్చేసరికి టైటిల్ పాట పల్లవి మళ్లీ తిరిగొస్తుంది. తప్పు వరసలో విన్నన్నాళ్లూ అది నాకు ఊరికే పల్లవి మళ్లీ వాడుకున్నట్టు ఉండేది, దాని తర్వాత ఇంకో రెండు పాటలు వచ్చేవి కదా. సరైన చోట, ఆఖరున విన్నప్పుడు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇది అతిశయోక్తి కాదు.

అప్పట్లో దీన్ని ఎలా తీసుకున్నారంటే, మెటల్ పత్రికలు, అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు, ఇప్పటికీ ఈయన సోలో ఆల్బమ్‌లలో ఏది గొప్పది అంటే ఎక్కువమంది వేలు దీని మీదే పెడతారు. బయటి ప్రపంచానికి మాత్రం పెద్దగా చేరలేదు. ఆ టూర్‌లోనే బ్రెజిల్‌లోని సావ్ పావ్లోలో రికార్డ్ చేసిన లైవ్ ఆల్బమ్ ‘స్క్రీమ్ ఫర్ మీ బ్రెజిల్’ 1999లో వచ్చింది, ఈ పాటలకి జనం ఎలా గొంతు కలిపారో దాంట్లో వినొచ్చు. అదే 1999లో డికిన్సన్, స్మిత్ ఇద్దరూ మెయిడెన్‌లోకి తిరిగి వెళ్లారు, 2000లో ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ వచ్చింది. నాకు నొప్పి ఇక్కడే. చాలామంది ‘కెమికల్ వెడ్డింగ్’ని మెయిడెన్‌కి తిరిగొచ్చే దారిలో ఒక మజిలీలా చెప్తారు. మెయిడెన్ అంటే నాకూ ప్రాణం, కానీ మెయిడెన్ ఇంత బరువైన, ఇంత నల్లటి ఆల్బమ్ ఎప్పుడూ చేయలేదు, చేయదు కూడా, వాళ్ల పరుగు వేరు. దీన్ని దీనిలా వినాలి. రాయ్ జీ పేరు కూడా తగినంత వినపడలేదని నా బాధ, ఈ మనిషే 2000లో హాల్‌ఫోర్డ్ ‘రిసరెక్షన్’ చేశాడు, దాంట్లో డికిన్సన్ ఒక పాటలో గొంతు కలిపాడు కూడా, తర్వాత 2005లో హాల్‌ఫోర్డ్ తిరిగొచ్చిన ప్రీస్ట్ ఆల్బమ్‌కీ ప్రొడ్యూసర్ ఈయనే. రెండు పెద్ద గొంతులు మళ్లీ లేవడం వెనక ఈయన చెయ్యి ఉంది.

2024లో ‘ద మాండ్రేక్ ప్రాజెక్ట్’ వచ్చినప్పుడు, 2005 నాటి ‘టిరనీ ఆఫ్ సోల్స్’ తర్వాత పంతొమ్మిదేళ్లకి వచ్చిన సోలో ఆల్బమ్ కదా, దీనితో పోల్చకుండా ఉండలేకపోయా. బాగుంది, కొన్ని పాటలు చాలా బాగున్నాయి, రాయ్ జీ ఉన్నాడు, కథ ఉంది, కామిక్ పుస్తకాలు కూడా ఉన్నాయి. ఏడ్రియన్ స్మిత్ లేని లోటు మాత్రం నాకు ప్రతి సోలో దగ్గరా తెలుస్తూనే ఉంది.

కొత్తగా వినబోయేవాళ్లకి చెప్పేది, లిరిక్స్ ముందు పెట్టుకుని, మంచి హెడ్‌ఫోన్లలో, షఫుల్ తీసేసి మొదటి నుంచి వినండి. 2005లో మళ్లీ విడుదల చేసిన దాంట్లో చివర మూడు బోనస్ పాటలున్నాయి, ‘రిటర్న్ ఆఫ్ ద కింగ్’ అయితే అసలు ఆల్బమ్‌లోనే ఉండాల్సిన పాట. అయినా నేను ‘ఆల్కెమిస్ట్’ చివర ఆ పల్లవి సన్నబడి ఆగిపోగానే స్టాప్ నొక్కేస్తా, బోనస్‌లు ఇంకో రోజు.