ఆర్గ్ బాబెల్: కోడ్ నడుస్తుంది, జవాబు కుదురుగా కూర్చోదు

సర్వర్ల లెక్కలన్నీ నేను ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో, దాని నోట్సు పద్ధతి అయిన ఆర్గ్ ఫైల్లోనే రాసుకుంటాను. అంతా మామూలు టెక్స్టే. మధ్యలో షెల్ కమాండ్ల ముక్కో పైథాన్ కోడ్ ముక్కో (దీన్నే బ్లాకు అంటారు) పెట్టి కంట్రోల్-సి రెండుసార్లు నొక్కితే జవాబు కిందే వచ్చి పడుతుంది. ఆర్గ్‌ను 2003లో మొదలుపెట్టిన కార్స్టెన్ డొమినిక్ ఖగోళ శాస్త్రవేత్త. కోడ్ నడిపే ఈ బాబెల్ భాగం తర్వాత ఎరిక్ షుల్టే, డాన్ డేవిసన్ చేర్చింది. మూడేళ్ల వాడకంలో నా పేచీ ఒక్కటే, వచ్చిన జవాబును పేజీలో కూర్చోబెట్టే తీరు.

మొదటిరోజే 'డీఎఫ్ -హెచ్' అనే షెల్ కమాండ్ నడిపాను. డిస్కు ఎంత నిండిందని అడిగితే గీతలు గీసి టేబుల్ చేసిచ్చింది. అడగని ఉపకారం! ఖాళీ కనిపించిన చోటల్లా కొత్త గడి కాబట్టి 'మౌంటెడ్ ఆన్' రెండు ముక్కలై, ఆరు గడుల పట్టికకి ఏడోది మొలిచింది. ':రిజల్ట్స్ అవుట్‌పుట్' అని బ్లాకు మొదటి లైన్లో రాస్తే వచ్చింది వచ్చినట్టు ఉంచుతుంది. పైథాన్‌లో ఇంకో తిరకాసు. ఏమీ చెప్పకపోతే ప్రింట్ చేసినదాన్ని పట్టించుకోదు, రిటర్న్ చేసిన విలువే కావాలంటుంది. అరగంటసేపు 'నన్' (ఏ విలువా లేదని అర్థం) అన్న మాటే చూస్తూ కూర్చున్నాను. అదే లిస్టుల లిస్టు రిటర్న్ చేస్తే ముచ్చటైన టేబుల్ వస్తుంది, దానికి పేరు పెట్టి ఇంకో బ్లాకుకి అందించొచ్చు కూడా. దీన్ని వదల్లేకపోవడానికి కారణం ఇదే.

అన్నిటికన్నా విసిగించింది పది లైన్ల లెక్క. అవుట్‌పుట్ పది లైన్లలోపుంటే ప్రతి లైను ముందూ కోలన్ పెడుతుంది. పది చేరిందంటే కోలన్లు మానేసి, పైనా కిందా గుర్తులుండే ఎగ్జాంపుల్ బ్లాకులో చుడుతుంది. నిన్న తొమ్మిది, ఇవాళ పదకొండు వస్తే ఫైలు పాత, కొత్త రూపాల తేడా చూపే గిట్ డిఫ్‌లో మారని లైన్లు కూడా మారినట్టే కనిపిస్తాయి. 'ఆర్గ్-బాబెల్-మిన్-లైన్స్-ఫర్-బ్లాక్-అవుట్‌పుట్' అనే సెట్టింగు విలువ సున్నా చేశాక గొడవ వదిలింది. (పేరు చదివేలోపే పని అయిపోతుంది.)

రిజల్ట్స్‌కి 'అవుట్‌పుట్' బదులు పెట్టగలిగే 'రా' (raw) జోలికి మాత్రం వెళ్లకండి, అది జవాబును ఏ గుర్తూ లేకుండా పేజీలో పోస్తుంది. మామూలు వాక్యాలొస్తే పాత జవాబు ఎక్కడ ముగిసిందో దానికి తెలియదు, నడిపినప్పుడల్లా కొత్తది పైన పేరుస్తుంది. నా వారపు నివేదికలో ఒకే పేరా నాలుగుసార్లు వెళ్లింది, అది చూసుకోకపోవడం నా తప్పే. దాని బదులు 'డ్రాయర్' అని పెడితే మొదలూ చివరా గుర్తులుంటాయి, పాతది తీసి కొత్తది పెడుతుంది.

ఐదుకి నాలుగు. ఆ ఒకటీ కోసింది 'డీఎఫ్' టేబుల్‌కి.